రంగులరాట్నపు ఇరుసు

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల నల్లరేగడి మైదానంలో పండుగల ఋతువు పంటల వెంటనే వస్తుంది. పత్తితీతలు ముగింపునకు వచ్చి, మిరపకాయ కళ్ళాలకెక్కి, రైతు చేతిలో నాలుగు రూపాయలు మెదలే మాఘ ఫాల్గుణాలలో తిరునాళ్ళు ఆరంభమవుతాయి. మహాశివరాత్రికి కోటప్పకొండ, ఫాల్గుణ పూర్ణిమకు మంగళగిరి, ఆపైన మార్కాపురం చెన్నకేశవుని రథోత్సవం, నడుమ ఊరూరా చిన్నవీ పెద్దవీ జాతరలు. ఏ తిరునాళ్ళకు వెళ్ళినా దూరాన్నుండి మొదట కనుపించేది గాలిలో తిరిగే రంగులరాట్నమే. పిల్లలు దాని ఎత్తును చూస్తారు. పెద్దలు టిక్కెట్టు వెలను చూస్తారు. దాని ఇరుసును చూచేవారు మాత్రం బహు తక్కువ.

ఆ ఇరుసును గురించే ఈ ప్రసంగం. తిరిగే యంత్రానికి వయస్సు వస్తుంది. ఆ వయస్సును కనిపెట్టి, దానికి తగిన సేవ చేసి, పనికిరానినాడు ప్రక్కకు పెట్టే విద్య ఒకటి ఉన్నది. మన మైదానంలో ఆ విద్య ఎవరి చేతిలో ఉండేది, ఇనుము వచ్చిన తరువాత అది ఏమైనది, ఈనాడు దానిని ఎక్కడ వెదకుకోవాలి అన్న మూడు విషయాలను చరిత్ర వెలుగులో పరిశీలించుట మంచిది. ఎందుకంటే ఆ పెట్టెలలో కూర్చుండేది మన బిడ్డలే.

రాట్నం అన్న మాటను ముందు గమనించండి. పత్తి పండే సీమ కావడంచేత ఇక్కడి వారికి రాట్నమంటే మొదట నూలువడికే రాట్నమే గుర్తుకు వస్తుంది. జాతరలో తిరిగేదానికి కూడ ఆ పేరే పెట్టి, ముందు రంగును చేర్చినారు. పేరులోనే కాదు, పుట్టుకలో కూడ ఈ రెండింటికి చుట్టరికమున్నది. రెండూ ఊరి వడ్రంగి పనులే. పాతకాలపు రంగులరాట్నం పెద్ద యంత్రమేమీ కాదు. భూమిలో పాతిన రెండు బలమైన గుంజలు, వాటిపై అడ్డంగా ఒక దూలం, ఆ దూలానికి శిలువవలె బిగించిన చేతులు, చేతుల చివర వ్రేలాడే నాలుగు పెట్టెలు. ఇద్దరు మనుషులు చేతితో త్రిప్పేవారు. ఇంకొక రకం నేలకు సమాంతరంగా తిరిగేది. నడుమ నిలువు స్తంభం, చుట్టూ కొయ్యగుర్రాలు, ఏనుగులు. వీటిని చేసిన చేయి బండిచక్రం చేసిన చేయే. కావున వీటి పోషణకూడ బండి పోషణనుండి పుట్టినదే.

బండిని మన పూర్వులు ఎంత శ్రద్ధతో కాపాడుకొన్నారో తలచుకొంటే ఈ సంగతి బోధపడుతుంది. నల్లతుమ్మవంటి గట్టి కలపతో చక్రం చేసేవారు. నడుమ కుండ, కుండలోనుండి బయలుదేరే ఆకులు, ఆకుల చివరలను కలిపే పూటీలు, పూటీల చుట్టూ ఇనుపకట్టు. కట్టును ఎర్రగా కాల్చి, చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు పోసేవారు. చల్లారి ముడుచుకొన్న ఇనుము కొయ్యను పిడికిలివలె పట్టుకొనేది. వేసవిలో కొయ్య ఎండి, సన్నబడి, కట్టు వదులైతే చక్రాలను చెరువులో నానవేసేవారు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి కందెన చేసి, వెదురుగొట్టంలో పోసి బండిక్రిందనే వ్రేలాడగట్టేవారు. ప్రయాణానికి ముందు ఇరుసుకు కందెన పెట్టి, కడచీల బిగువు చూచుకొనకుండ బయలుదేరే రైతు ఉండేవాడు కాదు. కరణాన్ని మంచి చేసుకోవలసిన అవసరాన్ని చెప్పబోయి సుమతీ శతకకారుడు సయితం ఇరుసు కందెననే దృష్టాంతంగా తెచ్చినాడంటే, ఆ పని ఎంత నిత్యకృత్యమో ఊహించవచ్చును.

ఈ పోషణకు పుస్తకం లేదు. చూపు, చేయి, చెవి ఇవే సాధనాలు. వడ్రంగి చక్రాన్ని కొయ్యసుత్తితో తట్టి చూచేవాడు. గట్టి కొయ్య గణగణమంటుంది. పగులు ఉన్న కొయ్య బోలుగా పలుకుతుంది. పగులు పైకి కూడ కనబడుతుంది. బరువెక్కినప్పుడు కిర్రుమంటుంది. విరిగేముందు ఒంగుతుంది, చీలుతుంది, పీచులు లేస్తాయి. కొయ్య చెప్పి విరుగుతుంది. ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకోవలసినదిగా కోరుతున్నాను. తరువాత చెప్పబోయే చరిత్రకంతటికీ ఇది కీలకం.

రంగులరాట్నంతోపాటు మన తిరునాళ్ళలో కదిలే పెద్ద కట్టడాలు మరి రెండున్నవి. ఒకటి ప్రభ, రెండవది రథం. ఈ రెండింటి పోషణలో రెండు వేర్వేరు పద్ధతులు కనబడతాయి.

కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకు చుట్టుప్రక్కల గ్రామాలనుండి ప్రభలు తరలివస్తాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పటినుండి ఆ కొండ పల్నాడు జిల్లాలో ఉన్నది. చక్రాలపై నిలిపిన వెదురు, సరుగుడు వాసాల చట్రానికి రంగుగుడ్డలు, కాగితపు అలంకారాలు, ఈ కాలంలో విద్యుద్దీపాలు కట్టి, 80 అడుగులకు మించి లేపిన ప్రభలు కూడ ఉంటాయి. ఒకనాడు ఎద్దులు లాగిన వాటిని నేడు ట్రాక్టర్లు లాగుతున్నాయి. ప్రభ నిటారుగా నిలబడేది నాలుగు వైపులనుండి మోకులు పట్టే మనుషుల సమన్వయంచేత. గాలి ఒక వైపునుండి కొడితే ఆ వైపు మోకు బిగించాలి, ఎదుటి మోకు వదలాలి. ఇక్కడ గమనింపదగినది ఇంకొకటి ఉన్నది. ప్రభను ఏటేటా మళ్ళీ కట్టుతారు. నిరుటి వెదురులో చీలినదానిని పొయ్యిలో పెట్టి, ఈ ఏడు పచ్చిదానిని తెస్తారు. నిరుటి మోకును చేతితో తడిమి, పీచు తెగినదైతే మార్చుతారు. అందుచేత ప్రభ చట్రానికి ముసలితనం రానేరాదు. ఎన్ని తరాలనుండి వస్తున్న ఆచారమైనా, దాని దేహం మాత్రం ఏటేటా కొత్తదే.

రథం సంగతి వేరు. మంగళగిరిలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1807, 1809 సంవత్సరాల మధ్య కట్టించిన పదకొండంతస్తుల గాలిగోపురం రెండువందల ఏండ్లు గడచినా నిలిచియున్నది. కదలని కట్టడానికి కాలమే శత్రువు. దాని ముందు వీధిలో నడిచే రథానికి కాలం ఒక శత్రువు, కదలిక రెండవ శత్రువు. రథం సంవత్సరంలో ఏ ఒకటి రెండు దినాలో కదులుతుంది. మిగిలిన కాలమంతా షెడ్డులో నిలబడి ఉంటుంది. నిలబడిన బరువంతా చక్రంలో ఒకే చోట ఆనుతుంది. చెద పడుతుంది. వాన జల్లు తగులుతుంది. అందుకనే ఉత్సవానికి కొన్ని దినాల ముందు వడ్రంగులు, కమ్మరులు వచ్చి చక్రాలను, ఇరుసులను, మేకులను పరీక్షించే ఆచారం ఏర్పడినది. రథం వాలులో పరుగెత్తకుండ చక్రాల క్రింద కొయ్యదిమ్మలు వేసి ఆపేవారిది ఇంకొక ప్రత్యేక విద్య. వారి చేయి ఒక్క క్షణం ఆలస్యమైతే ప్రాణహాని తప్పదు.

షెడ్డులో ఉన్నంతమాత్రాన రథం క్షేమంగా ఉన్నదనుకోరాదని తూర్పుతీరంలో అంతర్వేది మనకు చూపినది. 2020 సెప్టెంబరులో లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలి బూడిదైనది. కొత్త రథాన్ని 2021 ఫిబ్రవరి ఉత్సవం నాటికి సిద్ధం చేసినారు. పొరుగున తమిళనాట తిరువారూరులోని మహారథం 1926లో దగ్ధమై, పునర్నిర్మాణమైన పిదప, తిరుచిరాపల్లి భారీ విద్యుత్పరికరాల కర్మాగారంవారి సహాయంతో ఇనుపచక్రాలను, నీటిపీడన సూత్రంపై పనిచేసే బ్రేకులను అమర్చుకొన్నది. దేవుని తేరుకు కూడ కాలానికి తగిన యంత్రవిద్య అవసరమేనని పెద్దలు అంగీకరించుటకు ఇది మంచి నిదర్శనం.

ఇంతవరకు రెండు పద్ధతులు చూచినాము. ఏటేటా కొత్తగా కట్టుట ప్రభ పద్ధతి. నిలువ ఉంచి, పరీక్షించి కదలించుట రథం పద్ధతి. రంగులరాట్నానిది మూడవది. ఒక ఊరిలో విప్పి, ఇంకొక ఊరిలో బిగించుట. దీని కష్టసుఖాలు తెలియడానికి మన మైదానం దాటి కొంచెం దూరం పోవలసియున్నది.

మనుషులను కూర్చుండబెట్టి నిలువుగా త్రిప్పే చక్రం ఎవరి సొత్తు అని చెప్పుట కష్టం. 1615లో ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే కాన్‌స్టాంటినోపుల్ నగరంలో పండుగ రాత్రి ఇట్టి చక్రమెక్కి తిరిగినాడు. 1620లో ఇంగ్లండు యాత్రికుడు పీటర్ మండీ, నేడు బల్గేరియాలో ఉన్న ప్లోవ్‌దివ్ నగరంలో ఇట్టివాటిని చూచి వర్ణించినాడు. ఆసియాలోను, ఐరోపాలోను ఇది మొదట కొయ్యతో చేసి చేతితో త్రిప్పిన వస్తువే. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఇంగ్లండులో ఆవిరియంత్రం దానికి తోడైనది. ఆ మార్పులో ప్రసిద్ధుడైన ఫ్రెడరిక్ సావేజ్ కింగ్స్ లిన్ పట్టణంలో వ్యవసాయ యంత్రాలు చేసే పనివాడు. నాగలి చేసిన కొలిమిలోనే జాతర గుర్రం పుట్టడం మన వడ్రంగి కథను పోలియున్నది.

1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనకు జార్జి ఫెర్రిస్ అనే ఇంజనీరు 264 అడుగుల ఎత్తున ఉక్కుచక్రాన్ని నిలబెట్టినాడు. ముప్పదియారు పెట్టెలు, పెట్టెకు అరవైమంది, వెరసి ఒక్కసారి 2,160 మంది ఎక్కవచ్చును. దాని ఇరుసు ఒక్కటే 45 అడుగుల పొడవు, సుమారు 40 టన్నుల బరువు. లోకమంతా ఆశ్చర్యపడినది. కాని ప్రదర్శన ముగిసిన తరువాత ఆ చక్రాన్ని పోషించే దిక్కు లేకపోయినది. చోటు మార్చినారు. 1904లో సెంట్ లూయిస్ ప్రదర్శనకు తరలించినారు. 1906లో మందుపాతర పెట్టి కూల్చివేసినారు. అంతటి యంత్రానికి ఆయుర్దాయం పదమూడేండ్లు.

దీనికి ప్రక్కన వియన్నా నగరంలోని చక్రాన్ని ఉంచి చూడండి. అది 1897లో లేచినది. 1944లో యుద్ధకాలపు అగ్నికి ఆహుతి అయినది. 1947లో దానిని మళ్ళీ తిరిగించినారు. అయితే ఒక మార్పు చేసినారు. పూర్వం దానికి 30 పెట్టెలుండేవి. మళ్ళీ కట్టినప్పుడు పదిహేను మాత్రమే తగిలించినారు. మంటలలో కాగిన ఉక్కుకు మునుపటి బలం ఉండదని, మునుపటి బరువు మోపరాదని ఆ పని చేసినారు. టిక్కెట్ల రాబడి సగం తగ్గినా వెనుదీయలేదు. ఆ చక్రం నేటికీ తిరుగుతూనే ఉన్నది. కొత్త చక్రం పదమూడేండ్లలో పోవడానికి, కాలిన చక్రం నూరేండ్లు దాటి బ్రతకడానికి కారణం ఉక్కులో లేదు. యంత్రపు వయస్సును ఒప్పుకొనే మనస్సులో ఉన్నది.

మన తిరునాళ్ళకు వచ్చే చక్రం మాత్రం ఈ రెండింటి సంతతి కాదు. 1900లో అమెరికాలోని జాక్సన్‌విల్ పట్టణంలో విలియం సల్లివన్ అనే వంతెనల పనివాడు విప్పి బండ్లపై తరలించదగిన చిన్న చక్రాన్ని తయారుచేసినాడు. ఊరూరా తిరిగే చక్రాలకు అది దారి చూపినది. ఇరవయ్యవ శతాబ్దిలో ఆ రకం మన దేశంలోను వ్యాపించి, జెయింట్ వీల్ అన్న పేరుతో కొయ్యరాట్నపు స్థానాన్ని ఆక్రమించినది. గుంజల స్థానంలో ఇనుపకమ్మీలు, చేతి స్థానంలో ఆయిల్ ఇంజను, తరువాత విద్యుత్ మోటారు, కొయ్యచీలల స్థానంలో మరలు వచ్చినవి. యంత్రం వచ్చినది. దానితోపాటు రావలసిన పోషణవిద్య మాత్రం అంత త్వరగా రాలేదు. ఎందుకని?

ఇనుము కొయ్యవలె చెప్పి విరగదు. ఈ సత్యాన్ని తెలిసికొనడానికి ఐరోపా ఘోరమైన వెల చెల్లించినది. 1842 మే 8వ తేదీన వెర్సేల్స్ ఉద్యానంలో రాజోత్సవం చూచి పారిస్‌కు తిరిగివస్తున్న రైలుకు ఇంజను ఇరుసు విరిగినది. బండ్లు ఒకదానిపై ఒకటి ఎక్కి మండినవి. యాభైమందికి పైగా మరణించినారు. వారు కూడ పండుగ చూడబోయినవారే. విరిగిన ఇరుసు క్రితం దినం వరకు చక్కగా పనిచేసినదే. స్కాట్లండు ఇంజనీరు రాంకిన్ మొదలైనవారు ఇట్టి ఇరుసులను పరిశీలించినారు. ఇరుసు మందం మారే మూలలలో కంటికానని చిన్న పగులు పుట్టి, చుట్టుచుట్టుకు లోపలికి పాకి, చివర ఒక్క క్షణంలో తుంచివేస్తుందని తేలినది. ప్రష్యా రైల్వేలలో పనిచేసిన ఆగస్టు వోలర్ ఆపైన ఏండ్ల తరబడి ఇరుసులను త్రిప్పి త్రిప్పి పరీక్షించి, 1870 నాటికి ఒక నియమాన్ని స్థాపించినాడు. ఇనుము ఒక్కసారి మోయగల బరువు వేరు, లక్షలసార్లు మోయగల బరువు వేరు. దీనినే లోహపు అలసట అంటారు.

దీనిని రంగులరాట్నానికి అన్వయించి చూతము. చక్రం నిమిషానికి ఆరు చుట్లు తిరుగుతుందని, సాయంకాలం మొదలు అర్ధరాత్రి లోపల ఐదు గంటలు పనిచేస్తుందని అనుకొందము. రాత్రికి 1,800 చుట్లు. ఏడాదికి అరవై రాత్రులైతే 1,08,000 చుట్లు. పదేండ్లలో పదిలక్షలు దాటును. తిరిగే ఇరుసు ప్రతి చుట్టుకు ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి వంగినట్లే లెక్క. పదిలక్షల పర్యాయాలు వంగిన ఇనుపకడ్డీ ఎంత మెరుగు పెట్టినా కొత్తది కాదు. పైగా మెరుగు ఇక్కడ మేలు చేయదు. ఏటేటా దట్టంగా పూసే రంగు త్రుప్పును కప్పుతుంది, పగులును కూడ కప్పుతుంది. పిల్లలను ఆకర్షించే ఆ రంగే పరీక్షకుని కంటికి తెర అవుతుంది.

విప్పి బిగించుటలో మంచీ ఉన్నది, చెడూ ఉన్నది. విప్పినప్పుడు ప్రతి భాగమూ చేతిలోకి వస్తుంది. స్థిరమైన ఉద్యానంలోని యంత్రానికి ఇట్టి అవకాశం అరుదు. బుద్ధి ఉన్న యజమానికి ప్రతి తిరునాళ్ళూ ఒక సంపూర్ణ పరీక్షే. చెడు ఏమిటంటే, బిగించిన ప్రతిసారి మర పోగులు అరుగుతాయి, బిగువుకు సాగుతాయి. రంధ్రాలు వెడల్పవుతాయి. ఒక మర పోయినప్పుడు బజారులో దొరికిన తక్కువరకం మరను పెట్టుతారు. వంగిన కమ్మీని సుత్తితో సాగగొట్టి, విరిగిన చోట అతుకు వేస్తారు. పాత ఇనుముకు అనుభవం లేని చేయి వేసిన అతుకు ప్రక్కనే మరల పగులుతుంది. తెల్లవారేసరికి ఇంకొక ఊరిలో నిలబెట్టవలెనన్న తొందర ఈ దోషాలన్నింటికీ తోడవుతుంది.

మన ప్రాంతపు నేల ఇంకొక చిక్కు తెచ్చిపెడుతుంది. నల్లరేగడి నీరు త్రాగితే ఉబ్బుతుంది, ఎండితే నెరలు విచ్చుతుంది. శివరాత్రి నాటికి పైన గట్టిపడిన రేగడి, అకాలపు వాన ఒకటి కురిసిందా, పాదం దిగబడే బురద అవుతుంది. చక్రపు రెండు కాళ్ళలో ఒకటి రెండంగుళాలు దిగినా చాలు, ఇరుసు ఒరుగుతుంది. ఒరిగిన ఇరుసు ఒక ప్రక్క బేరింగుపై అధికంగా ఒత్తుతుంది. అందుచేత అనుభవం ఉన్నవారు కాళ్ళ క్రింద వెడల్పైన కొయ్యదిమ్మలు పరచి, బరువును పంచి, మట్టం పెట్టి చూస్తారు. ఒకసారి చూచి ఊరుకోక ప్రతి సాయంకాలం చూస్తారు. చీరాల, వేటపాలెం, బాపట్లల వైపు పోతే నేల ఇసుక, గాలి ఉప్పు. అక్కడ త్రుప్పు వేగంగా తింటుంది. గొట్టపు కమ్మీలు పైకి దృఢంగానే కనబడి లోపల డొల్లపడతాయి. ఒకే చక్రం మాఘంలో రేగడిలోను, వైశాఖంలో సముద్రతీరంలోను తిరిగితే దానికి రెండు రోగాలూ సంక్రమిస్తాయి.

ఈ రోగాలకు మందు లేకపోలేదు. పగులు అనుమానమున్న చోట రంగు గీకి, ఎర్రని చొచ్చుకుపోయే ద్రవం పూసి, తుడిచి, తెల్లని పొడి చల్లితే, పగులులో దాగిన ఎరుపు గీతగా పైకి వస్తుంది. మానవశ్రవణానికి అందని ధ్వనితరంగాలను ఇరుసులోనికి పంపి, వాటి ప్రతిధ్వనినిబట్టి లోపలి పగులును కనిపెట్టవచ్చును. వడ్రంగి కొయ్యసుత్తితో తట్టి విన్నదానికి ఇది ఇనుపయుగపు రూపాంతరమే. ఇవేవీ లేకపోయినా, ఖాళీచక్రాన్ని ముందు త్రిప్పి శబ్దం వినుట, ఇసుకబస్తాలు పెట్టి త్రిప్పుట, ఎదురెదురు పెట్టెలలో సమానంగా జనాన్ని ఎక్కించుట, ప్రతి పెట్టె చీలను, దానికి తొడిగే పిన్నును చేతితో ముట్టి చూచుట అన్నవి ఏ తిరునాళ్ళలోనైనా సాధ్యమే.

ఈ చివరి పని జరగనినాడు ఏమవుతుందో 2018 మే నెలలో అనంతపురం చూచినది. అక్కడి ప్రదర్శనలో జెయింట్ వీల్ పెట్టె ఒకటి ఊడిపడి పదేండ్ల బాలిక మరణించినది. మరికొందరు గాయపడినారు. పెట్టెను పట్టియుంచే మర వదులైనదని ఆనాటి వార్తలు తెలిపినవి. 2019 జూలై 14న అహమ్మదాబాదు కాంకరియా సరస్సు వద్ద లోలకంవలె ఊగే యంత్రం నడుమకు విరిగి ఇద్దరు మరణించినారు. పాతికమందికి పైగా గాయపడినారు. మొదటిది వదులైన మర, రెండవది విరిగిన దండం. ఒకటి కంటికి కనబడే దోషం, రెండవది పరీక్షకు మాత్రమే దొరికే దోషం. యంత్రపోషణలో ఉన్న రెండు భాగాలూ ఈ రెండు దుర్ఘటనలలో కనబడుతున్నవి.

పాశ్చాత్య దేశాలలో ఇట్టి ప్రమాదాల పాఠాలను అనుసరించి నియమాలు ఏర్పడినవి. అమెరికాలో 1978లో వినోదయంత్రాల ప్రమాణాలకు ఒక ప్రత్యేక సంఘాన్ని నెలకొల్పినారు. మన దేశంలో భారత ప్రమాణాల సంస్థ కూడ ఇట్టి యంత్రాల భద్రతకు ప్రమాణాలను ప్రకటించినది. జాతరలకు అధికారుల అనుమతులు అవసరం. కాని కాగితంపై అనుమతి ఒక్క దినానిది. యంత్రపు వయస్సు ముప్పది ఏండ్లది కావచ్చును. ఆ ముప్పది ఏండ్ల కథ ఎవరివద్ద ఉన్నది? ఇదే అసలు ప్రశ్న.

పూర్వం ఈ ప్రశ్నకు సమాధానం సులభం. కొయ్యరాట్నాన్ని చేసినవాడు ప్రక్క వీధిలో ఉండేవాడు. ఏ దూలం ఏ ఏడాది మార్చినాడో అతనికి గుర్తు. దానిపై ఎక్కే పిల్లలలో అతని పిల్లలు కూడ ఉండేవారు. అతనిని ప్రశ్నించే హక్కు ఊరికి ఉండేది. జెయింట్ వీల్ ఎక్కడినుండో వస్తుంది. ఎందరు యజమానుల చేతులు మారినదో, ఎప్పుడు ఇరుసు మారినదో, ఎక్కడ అతుకు పడినదో ఎక్కిన మనకు తెలియదు. ఒక్కొక్కసారి త్రిప్పేవానికీ తెలియదు. కొయ్య తన కథను తానే చెప్పేది గనుక మన పూర్వులకు వ్రాతతో పని లేకపోయినది. ఇనుము చెప్పదు. కాబట్టి దాని తరపున మనమే వ్రాసిపెట్టవలెను. ఇనుపయుగపు పోషణవిద్య అంతా ఈ ఒక్క మాటలో ఉన్నది.

ఎద్దును కొనేటప్పుడు పళ్ళు చూచి వయస్సు తెలిసికొనే రైతుకు ఇది కొత్త సంగతి కాదు. ప్రతి చక్రం వెంట ఒక పుస్తకం నడవాలి. చేసిన సంవత్సరం, మార్చిన భాగాలు, వేసిన అతుకులు, పరీక్ష జరిగిన తేదీలు, పరీక్షించినవారి సంతకాలు అందులో ఉండాలి. అనుమతి ఇచ్చే అధికారి, స్థలమిచ్చే పంచాయతీ లేక దేవస్థానం యంత్రాన్ని చూచేముందు ఆ పుస్తకాన్ని చూడాలి. పుస్తకం లేని చక్రం, ఎంత కొత్తరంగుతో మెరిసినా, వయస్సు దాచిన చక్రమే. వయస్సు మీరినదానికి వియన్నావారివలె పెట్టెలు తగ్గించుటో, పూర్తిగా మాన్పించుటో జరగాలి.

పుస్తకంతోపాటు మనిషి కూడ కావాలి. రాత్రి జనం పోయిన తరువాత చక్రమెక్కి, చీల చీలనూ తడిమి చూచే పనివాడొకడుంటాడు. అతని పని ఎవరి కంటా పడదు. పెట్టె ఊడనంతకాలం అతని పేరు ఎవరికీ తెలియదు. అతనికి చాలినంత జీతం, నిద్ర, చేతిదీపం, నడుముకు త్రాడు, అన్నింటికన్న ముఖ్యంగా 'ఈ రాత్రి చక్రం తిరగరాదు' అని చెప్పే అధికారం ఉండాలి. తిరునాళ్ళ రాత్రి రాబడిని కాదని ఆ మాట చెప్పగలిగినవాడే ఆ చక్రానికి నిజమైన రక్షకుడు. అటువంటి మాట చెప్పినందుకు కొలువు పోయే చోట ఏ పుస్తకమూ పిల్లలను కాపాడలేదు.

గృహస్థులకు కూడ ఇందులో భాగమున్నది. వచ్చే తిరునాళ్ళలో బిడ్డను పెట్టెలో కూర్చుండబెట్టేముందు ఒక్క నిమిషం నిలబడండి. కాళ్ళ క్రింద దిమ్మలున్నవా, నేల తడిగా ఉన్నదా, పెట్టె తలుపుకు గడియ పడుతున్నదా, చక్రం తిరిగేటప్పుడు ఒకే చోట ఒకే శబ్దం మాటిమాటికి వస్తున్నదా అని చూడండి, వినండి. 'ఈ యంత్రాన్ని చివర ఎప్పుడు పరీక్షించినారు' అని అడగండి. సమాధానం చెప్పగలవానికి ఆ ప్రశ్నవలన కోపం రాదు. పదిమంది అడిగితే అది ఆచారమవుతుంది. ప్రయాణానికి ముందు కడచీల చూచుకొనుట ఒకనాడు మన మైదానంలో అట్లే ఆచారమైనది.